గుప్పెడు కరెంటు

ఐసు ఫ్యాక్టరీ పక్కన కాపురం చేసేవాళ్లు చప్పుడుకి భయపడరు. చప్పుడు ఆగితేనే భయపడతారు. ఆ గురువారం మధ్యాహ్నం నేను టెక్కలి నుంచి వచ్చి ఆటో దిగేసరికి మా ఫ్యాక్టరీ నోరు మూసుకుని ఉంది. కంప్రెసరు దడదడ లేదు, తొట్టెలో నీళ్ల గలగల లేదు. రేకుల కప్పు మీద కాకి నడుస్తుంటే అది కూడా వినిపిస్తోంది.

"ఒరే గంగులూ! కరెంటు పోనాదేటిరా?" అని వీధి మొదట్నుంచే కేకేశాను.

మిషను చూసుకునే గంగులు గుమ్మంలో పీట వేసుకుని తీరిగ్గా బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి బీడీ పారేసి లేచాడు.

"కరెంటు ఉన్నాదమ్మా. మనమే ఆపీసినాం."

"ఆపీసినారా! ఎప్పుడు?"

"పొద్దున్నే. పెద్దమ్మగారు సెప్పినారు."

పెద్దమ్మగారంటే మా అత్త జ్ఞానసుందరి. ఆ రోజు సాయంత్రం ఆరింటికి మాకు పరీక్ష. నెగ్గితే ఫ్యాక్టరీ బతుకుతుంది, తప్పితే తాళం పడుతుంది. అలాంటి రోజున పొద్దున్నుంచీ మిషను ఆపి కూర్చున్నారు! కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

అది రెండు వేల పదమూడు మార్చి నెల. ఆ ఏడాది కరెంటు కోతలు పడినవాళ్లకి నేను వర్ణించి చెప్పక్కర్లేదు. నౌపడ జంక్షను దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. మాతో కలిపి ఒకే లైను మీద ఐదు ఊళ్లు. దాన్ని ఫీడరంటారు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆ ఫీడరు కట్టేసేవారు, ఐదు ఊళ్లూ ఒక్కసారే చీకట్లో పడేవి. మళ్లీ ఎప్పుడొస్తుందో కరెంటాఫీసు వాళ్లకే తెలియదు. ఇళ్లల్లో వాళ్లయితే లాంతరు వెలిగించి, విసనకర్ర పుచ్చుకుని ఎలాగో గడిపేస్తారు. ఐసుకి లాంతరూ విసనకర్రా ఏం పనికొస్తాయి?

మా పని చూడ్డానికి తేలిక. పెద్ద తొట్టె నిండా ఉప్పునీళ్లుంటాయి, పైన చెక్క మూతలు. మంచినీళ్లు పోసిన రేకు డబ్బాలు ఆ ఉప్పునీళ్లలో దించుతాం. కంప్రెసరు ఉప్పునీళ్లని చల్లబరుస్తుంది. ఉప్పునీళ్లు గడ్డకట్టవు, డబ్బాలో నీళ్లు గడ్డకడతాయి. అంచుల నుంచి మొదలై మధ్యదాకా బిగుసుకోవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. చెప్పాపెట్టకుండా కరెంటు తీసేశారా, దిమ్మ పైకి గట్టిగా కనిపిస్తుంది, గుండెకాయ మాత్రం నీళ్లే.

బోట్లవాళ్లకి పెద్ద అసిరయ్య మొహం మీదే చెప్పేశాడు. "బేబమ్మా, నీ ఐసు సూడ్డానికే దిమ్మ. కొక్కెం ఏస్తే లోపల్నుంచి నీల్లు కారతన్నాయి. సముద్రంలో సేపలు కుల్లిపోతన్నాయి. గురువారం సాయంత్రం వస్తాను. గట్టి ఐసు ఇచ్చినావా సరేసరి. నేదంటే మా బోట్లన్నీ వేరే ఊరి ఐసుకే ఎల్తాయి, మల్లీ ఇటు రావు."

అతన్ని తిట్టి ఏం లాభం? అప్పటికే సగం బోట్లు వెళ్లిపోయాయి. మా మావయ్య రాబర్ట్ కట్టిన ఫ్యాక్టరీ ఇది. ఆయన పోయాక మా ఆయన కృపారావు నౌపడ ఉప్పు మడుల్లో పని వదలనన్నాడు, ఫ్యాక్టరీలోకి నేను దిగాను. కోడలి చేతికొచ్చాక ఫ్యాక్టరీ మూతపడిందనే మాట నేను బతికుండగా వినలేను.

అందుకే ఒకరోజు టెక్కలి కరెంటాఫీసుకి వెళ్లి శివాలెత్తాను. అక్కడ దేవేంద్ర అని కుర్ర ఇంజినీరు. నేను తిడుతున్నంతసేపూ తలవంచుకుని విని, గ్లాసుతో మంచినీళ్లిచ్చాడు.

"తిట్టడం అయిపోయిందా బేబీ గారూ? అయితే నేనొకటి అడుగుతాను. మీ మిషను సాయంత్రం రెండు గంటలు ఆపితే ఐసు కరిగిపోతుందా?"

"ఎందుకు కరుగుతాది? సెప్పకుండా తీస్తేనే సావు. ముందే సెప్తే పగలంతా తొట్టెని బాగా సల్లబరిసి ఉంచుతాను. అప్పుడు మిషను ఆగినా తొట్టె పని ఆగదు. ఆ సలికే గడ్డకడతానే ఉంటాది."

ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కళ్లు మెరిసిపోయాయి. "నాకు కావలసింది అదేనండీ!" అన్నాడు.

అతను చెప్పింది ఇది. సాయంత్రం అందరూ ఒకేసారి దీపాలు వేసుకుంటారు. ఆ వేళకి కరెంటు చాలదు. చాలకపోతే ఆఫీసువాళ్లు ఏదో ఒక ఫీడరు మొత్తం కట్టేస్తారు. నిజానికి మా ఐదు ఊళ్ల ఇళ్లన్నీ తినేదానికంటే నా కంప్రెసరు, నరసింగరావు అన్నయ్య రైసుమిల్లు, ఉప్పు మడుల పంపులు కలిసి తినేది ఎక్కువ. ఫోను చేసి అడిగిన నిమిషంలో ఈ మోటార్లు ఆగితే చాలు, ఇళ్లల్లో బల్బులు ఆర్పక్కర్లేదు. "మా నాన్న గరివిడిలో కొలిమి దగ్గర పనిచేశాడండీ. కరెంటు తీసినా కొలిమి కాసేపు వేడి నిలుపుకుంటుంది. మీ తొట్టె చలి నిలుపుకుంటుంది. అది మీకు బ్యాటరీ లాంటిది," అన్నాడు.

పై ఆఫీసరుని ఒప్పించి పరీక్ష పెట్టించాడు. షరతు ఒకటే. సబ్‌స్టేషన్‌లో మా ఫీడరు మీటరు ముల్లు ఎంతలో ఉందో సాయంత్రం నాలుగింటికి చూసి పైకి పంపుతాడు. ఆరింటికి ఫోను రాగానే ఆ ముల్లు సగానికి పడాలి, ఎనిమిది దాకా పైకి లేవకూడదు. నెగ్గితే మా ఫీడరుని కోతల జాబితాలోంచి తీసేస్తారు. ఓడితే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఆ సంగతులే ఖాయం చేసుకుని నేను ఆ గురువారం టెక్కలి నుంచి వచ్చాను. వచ్చి చూస్తే ఇదీ వరస!

పరుగున చర్చికి వెళ్లాను. మా అత్త వరండాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చుట్టూ స్త్రీల సమాజం వాళ్లు.

ఈ బియ్యం సంగతి చెప్పాలి. మా బాప్టిస్టు సంఘంలో ఆడవాళ్లు పూటపూటా అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి చర్చిలో పెద్ద గోలెంలో పోస్తారు. గుప్పెడు తీస్తే ఇంట్లో ఎవరికీ ఆకలి తెలియదు, గోలెం మాత్రం నిండుతుంది. ఆ బియ్యంతోనే చర్చి పైకప్పు వేశారు, తుపానప్పుడు ఊరంతా గంజి తాగారు. మా అత్త ఆ సమాజానికి ప్రెసిడెంటు. ఆ గోలెం అంటే ఆమెకి ప్రాణం.

"అత్తా! మిషను ఎందుకాపించినావు?"

ఆమె మొహం విప్పార్చుకుని నవ్వింది. "వచ్చినావేటే? సూసినావా, నువ్వు సెప్పకుండానే ఎంత పని సేసినామో! మీ ఆయన సేత ఉప్పు మడుల పంపులు ఆపించినాను. నరసింగరావుకి సెప్తే మిల్లు ఆపీసినాడు. మనవోల్లందరూ ఫ్యాన్లు కూడా తిప్పడం నేదు. సాయంత్రం రెండు గంటలే ఎందుకు, పొద్దున్నుంచీ మిగిలిస్తే మరింత పోగవుతాది కదేటి? ఆ కరెంటంతా టెక్కల్లో పోగై, సాయంత్రం వోల్లకి అక్కరకొస్తాది. మన గుప్పెడు బియ్యంలాగే!"

నా నోరు ఆగలేదు. "కరెంటు బియ్యం కాదత్తా! గోలెంలో పోసి దాయడానికి టెక్కల్లో గోలెం నేదు! పొద్దున్న నువ్వు వాడనిది పొద్దున్నే పోనాది! మనం దాసేదంతా మన తొట్టెలో ఉన్నాది, దాన్ని నువ్వు ఖాళీ సేసి కూకున్నావు! సాయంత్రానికి సలి ఎక్కడ్నుంచి తేవాల? నీ మంచితనం నా కొంప ముంచినాది!"

అంతమంది ముందు అరిచాను. మా అత్త నవ్వు అలాగే గడ్డకట్టుకుపోయింది. చేతిలో బియ్యం చేటలోకి జారిపోయాయి.

అంతలో నా ఫోను మోగింది. దేవేంద్ర. "బేబీ గారూ, మీటరు చూస్తున్నాను. మీ ఫీడరు ముల్లు నేల మీద పడుకునుందేంటండీ? నాలుగింటికి ఇదే లెక్క పంపితే, ఆరింటికి ఇంక దేన్ని తగ్గిస్తారు? పై ఆఫీసరు నా పక్కనే ఉన్నారు."

"నాలుగింటికి ముల్లు నిలబడతాది బాబూ. నీ ముల్లు పూచీ నాది," అని ఫోను పెట్టేశాను. నిజానికి ఎలా నిలబడుతుందో నాకే తెలియదు.

ఆ తర్వాత నేను నడవలేదు, ఉరికాను. గంగులు చేత కంప్రెసరు వేయించాను. అది ఒకసారి దగ్గి, వణికి, దడదడ మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి నాకు సగం ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకి ఫోను చేశాను. అమ్మ మాట జవదాటని మనిషి, నా మాట మాత్రం రోజూ దాటేస్తాడు.

"మరి మాయమ్మ ఆపమన్నాది కదే?"

"ఇప్పుడు మీయావిడ ఎయ్యమంటన్నాది! బేగి ఎయ్యి పంపులు!"

నా గొంతులో ఏం వినిపించిందో, మారు మాట్లాడకుండా వేశాడు. రైసుమిల్లుకి మనిషిని పంపితే నరసింగరావు అన్నయ్య మిల్లు తిప్పించి, సంగతేమిటో కనుక్కుందామని స్వయంగా వచ్చాడు. నాలుగింటికి దేవేంద్ర నుంచి "ముల్లు లేచింది" అని ఒక్క ముక్క వచ్చింది. ఒక గండం గడిచింది.

రెండో గండం తొట్టెది. గంగులు మూత ఎత్తి థర్మామీటరు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆరింటికి సగం సలే దిగుతాదమ్మా. మిషను ఆపినాక ఆ కాస్తా పైకెగిరిపోతాది. ఎనిమిదింటికి అసిరయ్యకి ఐసు కాదు, నీల్లే."

"పైకెగరకుండా పట్టుకుంటే?"

"సలిని ఎలా పట్టుకుంటామమ్మా?"

నా పక్కన నరసింగరావు అన్నయ్య తల గోక్కుంటున్నాడు. మిల్లులోంచి అలాగే వచ్చాడేమో, జుట్టు నిండా ఊకే. గోక్కున్నప్పుడల్లా రాలుతోంది. నాకు చటుక్కున ఒకటి గుర్తొచ్చింది. మా మావయ్య బతికుండగా అమ్ముడుపోని దిమ్మల్ని ఊకలోనే పాతిపెట్టేవాడు. రెండు రోజులైనా కరిగేవి కావు.

"అన్నయ్యా! మిల్లులో ఊక ఎంత ఉన్నాది?"

"కొండంత ఉన్నాది సెల్లీ. ఎందుకు?"

"మొత్తం కావాలి. సంచుల్లో నింపి ఈ మూతలన్నీ కప్పీయాలి. చీమ దూరే సందు ఉండకూడదు."

అతను నా మొహం చూసి, తొట్టె చూసి, పెద్దగా నవ్వాడు. "ఓలమ్మో, నీ బుర్రే బుర్ర!" అంటూ పరుగెత్తాడు. పాతికేళ్లుగా అతను పరుగెత్తడం ఎవరూ చూడలేదు.

సంచులు నింపడానికి మనుషులు చాలరేమోనని నేను బెంగపడుతుంటే వీధి మలుపులో స్త్రీల సమాజం కనిపించింది. ఒక్కొక్కరి నెత్తి మీద ఒక్కో ఊక సంచి. అందరికంటే ముందు మా అత్త. నా వైపు చూడలేదు, నాతో మాట్లాడలేదు. సంచి మూత మీద పెట్టి, సందు లేకుండా కాలితో తొక్కి, మరో సంచికి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది కానీ ఆగి మాట్లాడే తీరిక ఎక్కడిది? కంప్రెసరు ఊగిపోతోంది, ఊక దుమ్ముతో అందరం తుమ్ముతున్నాం, గంగులు ప్రతిసారీ థర్మామీటరు చూసి "ఇంకో పాయింటు దిగినాది!" అని అరుస్తున్నాడు, ఆ అరుపుకి ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. పండగ వంటల దగ్గర కూడా మేమంత సందడి చేయలేదు.

ఆరింటికి ఫోను మోగింది. "బేబీ గారూ, ఆపండి!"

"ఆపీరా గంగులూ!"

కంప్రెసరు ఆగింది. అవతల మిల్లు ఆగింది, ఉప్పు మడుల్లో పంపులు ఆగాయి. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దం. అందరం తలలెత్తి ఫ్యాక్టరీ మధ్యలో వేలాడే బల్బు వైపు చూశాం. రోజూ ఆ వేళకి ఆరిపోయే బల్బు.

ఆరలేదు.

వీధిలోకి వచ్చి చూశాను. వీధి దీపాలు వెలుగుతున్నాయి. చర్చి మీద సిలువ లైటు వెలుగుతోంది, అవతల రామాలయం లైటూ వెలుగుతోంది. జనం ఇళ్లల్లోంచి బయటికి వచ్చి సొంత ఇంటి బల్బుని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఎవరో ఈల వేశారు. పిల్లలు గంతులు. నరసింగరావు అన్నయ్య తల్లి జగ్గమ్మ గుమ్మంలో నిలబడి, "సల్లగుండాల! ఎవరి పుణ్యమోగాని సల్లగుండాల!" అని దండం పెట్టింది. నాకు కళ్లమ్మట నీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాను.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మళ్లీ దేవేంద్ర ఫోను.

"ఏటండీ మీవోల్లు? ముల్లు సగానికి దిగి, మల్లీ లేస్తన్నాది!" కంగారులో అతని గరివిడి యాస బయటపడిపోయింది. "బేగి దించకపోతే ఆఫీసరు ఫీడరు కట్టేయమంటన్నారు. ఏటి ఏసినారు మీరు?"

చెవి పెట్టి విన్నాను. ఊళ్లో ప్రతి ఇంట్లో టీవీ మోగుతోంది. గ్రైండర్లు గరగర తిరుగుతున్నాయి. ఒకావిడ ఇస్త్రీపెట్టె పెట్టింది. ఎన్నో నెలల తర్వాత సాయంత్రం పూట కరెంటు కనిపించేసరికి జనానికి ఆకలి పుట్టింది! పగలంతా ఫ్యాన్లు కూడా తిప్పకుండా కూర్చున్నవాళ్లే, ఇప్పుడు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ నొక్కేశారు. మిగతా నాలుగు ఊళ్లలోనూ ఇదే వరసై ఉంటుంది. ఇంటింటికీ వెళ్లి చెప్పేసరికి తెల్లారుతుంది.

"నాను సెప్తాను," అంది మా అత్త. మధ్యాహ్నం తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే.

చర్చికి వెళ్లి గంట తాడు పుచ్చుకుంది. మా చర్చి గంట ఆదివారం తప్ప మోగిందంటే ఎవరో పోయారని, లేదా ఎక్కడో ఇల్లు అంటుకుందని అర్థం. ఊరు ఊరంతా బిలబిలా పరుగెత్తుకొచ్చింది. చర్చివాళ్లూ వచ్చారు, గుడివాళ్లూ వచ్చారు. మా అత్త మెట్టెక్కి నిలబడింది.

"ఎవులూ సావనేదు. నా మాట ఇనండి. పొద్దున్న మీసేత అన్నీ ఆపించినాను, తప్పు సేసినాను. కరెంటు పోగవదంట. అడిగినప్పుడు తీసిందే లెక్కంట. ఇప్పుడు అడుగుతన్నారు. ఇప్పుడు తియ్యండి గుప్పెడు! ఇంటికో బల్బు, ఒక ఫ్యాను ఉంచుకోండి. టీవీ ఒక గుప్పెడు, గ్రైండరు ఒక గుప్పెడు. ఎనిమిది దాకా తీసి పెట్టండి. అందరం తీస్తే అందరికీ దీపం ఉంటాది. నేదంటే అందరికీ లాంతరే! మీ సుట్టాలు మిగతా ఊల్లల్లో ఉన్నారు కదా, ఫోన్లు సెయ్యండి బేగి!"

ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆమె గోలెంలో బియ్యం తిననివాళ్లు ఆ ఊళ్లో ఎవరున్నారు? గ్రైండర్లు ఒకటొకటే ఆగాయి. టీవీల గొంతు తెగింది. నలుగురైదుగురు ఫోన్లలో అక్కని, బావని, వియ్యపురాలిని పట్టుకుని, "ఒసే, ఆ టీవీ కట్టీ ముందు!" అని కేకలు. గంట తాడు వదలకుండా మా అత్త వాళ్లని లెక్క చూసుకుంటోంది.

"దిగుతన్నాది," అన్నాడు దేవేంద్ర ఫోన్లో. "ఇంకా దిగాల. వెంట్రుకవాసి దిగితే సాలు."

ఇంకేం మిగిలింది? ఫ్యాక్టరీలోకి పరుగెత్తాను. తొట్టెలో ఉప్పునీళ్లని కలిపే చిన్న పంకా ఒకటుంది. కవ్వంలా తిరుగుతూ చలిని అన్ని డబ్బాలకీ అందిస్తుంది. దాని మోటారు చిన్నదే అని ఉంచేశాను. అది ఆపితే ముల్లు దిగుతుంది, కానీ నీళ్లు కలపకపోతే అసిరయ్య ఐసు మధ్యలో పచ్చిగానే ఉండిపోతుంది. ఆపాలా, ఉంచాలా?

అప్పుడే అసిరయ్య గుమ్మంలోకి వచ్చాడు, వెనక బోట్ల కుర్రాళ్లతో. మూతల మీద ఊక సంచులు చూసి నోరు తెరిచాడు.

"ఇదేటి బేబమ్మా, తొట్టెకి బొంత కప్పినావు?"

"అసిరయ్యా, తెడ్లున్నాయేటి?"

"బోటోడి దగ్గర తెడ్లు నేకపోవడమేటి?"

"గట్టి ఐసు కావాలంటే తీస్కురా! తొట్టె కలపాలి. సేత్తో కలపాలి!"

అతనికి ఏం అర్థమైందో తెలియదు గానీ, పని అంటే ఆగే మనిషి కాదు. తెడ్లు వచ్చాయి. నాలుగు మూలలా ఒక్కో సంచి, దాని కింద మూత పక్కకి జరిపి, ఆ సందుల్లోంచి తెడ్లు దించారు. నేను పంకా మోటారు కట్టేశాను. కుర్రాళ్లు తెడ్డు వేస్తూ సముద్రం మీద పాడే పాట అందుకున్నారు. తొట్టెలో ఉప్పునీళ్లు గలగలమని కదిలాయి. ఒకళ్లు అలిసిపోతే ఒకళ్లు. చివరికి నరసింగరావు అన్నయ్య కూడా పంచె ఎగ్గట్టి ఒక తెడ్డు పుచ్చుకున్నాడు. రెండు సార్లు వేసేసరికి తెడ్డు జారి ఉప్పునీళ్లు అతని మొహాన చిమ్మాయి. "అన్నయ్యా, ఇది మిల్లు కాదు!" అంటే అందరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే తెడ్డు వేశారు.

ఎనిమిదికి ఫోను మోగింది. నా రెండు చేతులూ తెడ్డు మీదున్నాయి. అప్పటికి చర్చి నుంచి వచ్చిన మా అత్త ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది.

"నెగ్గినాం బేబీ గారూ! నెగ్గిపోనాం! దిగిన ముల్లు మల్లీ లేవనేదు! రేపట్నుంచి మీ ఫీడరుకి కోత నేదు. సాయంత్రం ఫోనొస్తే మోటార్లు ఆపితే సాలు!" దేవేంద్ర అరుపు ఫోను బయటికి కూడా వినిపించింది. తెడ్లు గాల్లోకి లేచాయి.

కానీ నా కళ్లు అసిరయ్య మీదే ఉన్నాయి. గంగులు ఒక డబ్బా పైకి లాగి, దిమ్మ ఊడేలా మామూలు నీళ్లలో ముంచి, దిమ్మని నేల మీదికి జార్చాడు. అసిరయ్య కొక్కెం ఎత్తి దిమ్మ నడుం మీద ఒక దెబ్బ వేశాడు. టంగుమంది. ఇంకో దెబ్బకి రెండు ముక్కలైంది. అతను వంగి, విరిగినచోట మధ్యలో వేలు పెట్టి గట్టిగా నొక్కాడు. వేలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

"గుండెకాయ గట్టిదే," అన్నాడు. "బోట్లన్నీ ఇటే వస్తాయి బేబమ్మా. ఎత్తండ్రా దిమ్మలు!"

మా అత్త ఒక ఊక సంచి పక్కకి జరిపి, చెక్క మూత మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. "అయితే మన గోలెం టెక్కల్లో నేదన్నమాట. ఇక్కడున్నాది," అంది తనలో తను.

మర్నాడు నేను పొద్దున్నుంచీ నోరు విప్పలేదు. గెలిచిన సంతోషం ఒకపక్క ఉక్కిరిబిక్కిరి చేస్తోంది, ఇంకోపక్క చర్చి వరండాలో ఆరిపోయిన ఆమె మొహం కళ్లముందే ఉంది. సాయంత్రం దేవేంద్ర ఫోను రాగానే మోటారు కట్టేసి ఇంటికి నడిచాను. వీధి పొడుగునా బల్బులు వెలుగుతున్నాయి, ఆ బల్బుల కిందే ప్రతి అరుగు మీదా లాంతరు వెలుగుతోంది. ఆ వేళకి కరెంటు పోతుందని అలవాటుగా వెలిగించుకున్నారంతా! మా అరుగు మీద మా అత్త కూడా లాంతరు ముందేసుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఏటే, పొద్దున్నుంచీ కిమ్మనడం నేదు? జొరమేటి?"

"నిన్న సమాజం ముందు నీ మీద అరిసినాను కదత్తా."

"అరిస్తే అరిసినావులే. నీ అరుపు ఆ కంప్రెసరు సప్పుడు లాంటిది. ఆగితేనే నాకు బెంగ."

ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేస్తానని తెలిసి, ఎదురుగా వెలుగుతున్న లాంతరుని చూపించి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచాను.

"బల్బు ఎలుగుతంటే లాంతరేటత్తా! కిరసనాయిలు దండగ కాదేటి? ఆర్పీ ముందు!"

మా అత్త పకపకా నవ్వి, లాంతరు ఆర్పేసింది.